ఆగస్టులో గీసిన క్రిస్మస్

రాగిణి అమెరికాలోని క్యారీ ఊళ్లో ఒక మందుల కంపెనీకి లేబుళ్లు డిజైన్ చేస్తుంది. పాత అమెరికన్ పత్రికల పండుగ సంచికలంటే ఆమెకు ప్రాణం. వందేళ్ల కిందటి క్రిస్మస్, థాంక్స్‌గివింగ్ ముఖచిత్రాలు పదకొండింటికి స్వయంగా ఫ్రేములు కట్టి మెట్ల పక్క గోడకు తగిలించింది. "మనింట్లో చుట్టాల ఫొటోల కన్నా శాంటాలే ఎక్కువ," అంటాడు భర్త దివాకర్. అయినా మేకులు కొట్టేది అతనే.

ఆ డిసెంబరులో ఊరి లైబ్రరీ వాళ్లు అడిగితే బొమ్మలన్నీ అక్కడ ప్రదర్శనకు పెట్టింది. ఒక శనివారం మధ్యాహ్నం వాకర్ పట్టుకుని వచ్చిన ముసలావిడ 1912 నాటి ముఖచిత్రం ముందు ఆగిపోయింది. అందులో ఎర్రకోటు వేసుకున్న ఆరేళ్ల పిల్ల మంచులో నిలబడి, ఎడమచేత్తో గంట ఎత్తి పట్టుకుని నవ్వుతోంది. పది నిమిషాలైనా ఆవిడ కదలకపోయేసరికి రాగిణి కుర్చీ తెచ్చి వేసింది.

"నా పేరు ఎలెన్. ఈ పిల్ల మా అమ్మ," అంది ఆవిడ.

రాగిణి మర్యాదగా నవ్వింది.

"నమ్మలేదు కదూ? మా నాన్నా నమ్మలేదు. అమ్మావాళ్ల పక్కింటావిడ పత్రికలకు బొమ్మలు వేసేది. క్రిస్మస్ బొమ్మ ఆగస్టులోనే ఇచ్చేయాలట. ఆ ఎండలో మా అమ్మకు ఉన్నికోటు తొడిగి, కింద దూది పరిచి నిలబెట్టింది. కదలకుండా ఉంటే పుచ్చకాయ ముక్క పెట్టేదట. ఆ బుగ్గలు చలికి ఎర్రబడినవి కావు. ఆవిడ పేరు హారియట్ ప్రౌట్."

రాగిణి చప్పున బొమ్మకేసి తిరిగింది. బొమ్మ కింది అంచున 'హెచ్. పి.' అని చిన్న సంతకం ఉంది. ఫ్రేములోని అట్ట దాన్ని కప్పేసింది కనుక బయటికి కనబడదు. ఆ అక్షరాలు ఎవరివో తను మూడేళ్లుగా వెతుకుతోంది. వెంటనే ఫ్రేము దించి, వెనక క్లిప్పులు ఊడదీసి సంతకం చూపించింది.

ఎలెన్ ఆ అక్షరాలను వేలితో నిమిరింది. "మాకు చూపించడానికి అమ్మ దగ్గర ఒక్క కాపీ కూడా లేకపోయింది," అంది.

ఇంటికి వెళ్తూ కార్‌లో, తీసుకెళ్లడానికి వచ్చిన దివాకర్‌కు జరిగిందంతా చెప్పింది రాగిణి.

"ఆవిడకి ఇచ్చేద్దామనా?" అన్నాడు దివాకర్.

"ఇవ్వాలనే ఉంది. కానీ అన్నిట్లోకీ నా ఫేవరెట్ అదే."

"స్కాన్ చేసి ప్రింట్ పెట్టుకో."

"ప్రింట్ వేరు, ఒరిజినల్ వేరు. నీకర్థం కాదులే."

"సరే, నెలాఖరుదాకా లైబ్రరీలోనే ఉంటుంది కదా. ఆలోచించు."

నిజానికి రెండు రోజుల్లోనే ఇచ్చేయాలని ఆమె నిర్ణయించుకుంది. మిగతా రోజులు ఆ పిల్లను చూసుకోవడానికే లైబ్రరీకి వెళ్లొచ్చింది.

జనవరి మొదటి ఆదివారం ఇద్దరూ బొమ్మ తీసుకుని ఎలెన్ ఇంటికి వెళ్లారు. ఆవిడ వద్దంటే ఏమని ఒప్పించాలో రాగిణి దారంతా ఆలోచించుకుంది. "వద్దనకండి," అంటూ బొమ్మ ముందుకు చాపింది.

"వద్దనను. ఎనభై ఎనిమిదేళ్లొచ్చాక మొహమాటాలకు టైముండదు," అంటూ ఎలెన్ రెండు చేతులూ చాపింది.

దివాకర్ హాల్లో మేకు కొట్టి బొమ్మ తగిలించాడు. ఎలెన్ దానికి ఎదురుగా కూర్చుని, కేకు ముక్కలు కోసి పెడుతూ కబుర్లు చెప్పింది. వాళ్లమ్మ పెద్దయ్యాక పాల ట్రక్కు నడిపిందట. హారియట్ పూర్తి పేరు ఎందుకు రాయలేదని రాగిణి అడిగింది.

"ఆడమనిషని తెలిస్తే లోపలి పేజీల్లోకి తోసేవారట. అందుకే రెండక్షరాలతో సరిపెట్టుకుంది."

రాగిణి అవన్నీ ఫోన్‌లో రాసుకుంది. తిరిగి వస్తుంటే కార్‌లో ఆ పేరు పూర్తిగా టైప్ చేసి మళ్లీ ఒకసారి వెతికింది. డిసెంబరంతా ఏమీ దొరకలేదు. ఈసారి పాత పత్రికలు అమ్మే ఒక సైట్‌లో ఈస్టర్ సంచిక ముఖచిత్రం కనబడింది. కుందేలును ఎత్తుకుని నిలబడింది అదే పిల్ల. ముందు పళ్లు రెండూ ఊడిపోయాయి.

ఆమె ఫోన్ అతనికేసి తిప్పింది. సిగ్నల్ దగ్గర కారాపి చూశాడు దివాకర్.

"రెండు కాపీలుంటే రెండూ ఆర్డర్ చెయ్యి," అన్నాడు.