గుండె మోగే గది

అయినా చేపల పులుసులో అంత పసుపు ఎవరైనా వేస్తారా, తిన్నవాళ్ల పెదవులు సాయంత్రం దాకా పచ్చగానే ఉంటాయి, నీ కోడలు ఫల్లా ఎప్పుడొస్తుంది అని నా పాత బేరాల వాళ్లంతా, నా బదులు బియ్యపు సేమ్యా కావిడి మోస్తూ వీధుల్లో అమ్ముతున్న అత్తయ్యని అడుగుతున్నారట, అడగరూ మరి, ఆవిడ ఆ మాట నా దగ్గర దాచి కొడుక్కి చెప్పుకుంది, సారిన్ కడుపులో మాట దాగితేగా, ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే నాకు చెప్పేశాడు, ఇప్పుడు చూడు నా మొగుణ్ణి, ముఖం నిండా కొత్త సంవత్సరం పండక్కి ఒకరికొకరు పూసుకునే పౌడరు, చంకలో చాప, చేతిలో అన్నం డబ్బా, నీళ్ల సీసా, అన్నీ తనే మోస్తూ నా ముందు నడుస్తున్నాడు, మోయమన్నది నేనే, నేను బరువెత్తకూడదు, నా గుండె కోసి కుట్టిన డాక్టరమ్మ మాత్రం ఎత్తొచ్చంది, లోపల పెట్టిన కొత్త కవాటం, ఆ తలుపు, బ్రహ్మాండంగా పనిచేస్తోంది, కావిడి కాదు ఏనుగునైనా ఎత్తుకో అని నవ్వింది, ఆవిడదేం పోయింది, తలుపు ఉన్నది నా గుండెలో కదా, అబ్బ ఎంత ఎండ, తా ప్రోమ్ పాత గుడి గోడలెక్కి కూర్చున్న ఈ చెట్ల వేళ్ల కింద మాత్రం ఎంత చల్లగా ఉందో, విదేశీయులు ఫొటోలు తీసుకుంటున్నారు, మావాళ్లు నీడలో తామర గింజలు ఒలుచుకుంటున్నారు, అత్తయ్య భక్తిగా గీయించుకున్న గుండు నిమురుకుంటూ, తమలపాకు దవడకి తోసి, పండగెళ్లాక సేమ్యా కావిడి నువ్వెత్తుతావా, మా మేనకోడలికిచ్చెయ్యనా, ఇవాళ తేల్చు అమ్మాయ్, నా భుజం ఊడొస్తోంది అంటుంది, ఇచ్చేస్తే తెల్లవారుజామున బియ్యప్పిండి వాసన ఉండదు, వీధి మలుపులో నా కేక ఉండదు, ఇవ్వకపోతే, నడిరోడ్డు మీద ఆ తలుపు మూసుకుపోతే, అమ్మో.

ఇదిగో గుడిలో అందరూ చెప్పుకునే ఆ గుండె మోగే గది, చీకటి, గోడల నిండా చిల్లులు, ఒకప్పుడు వాటిలో రత్నాలుండేవట, పండక్కి వచ్చినవాళ్లంతా ఇక్కడ గోడకి వీపానించి పిడికిలితో గుండె మీద గుద్దుకుంటారు, మనసులో బరువు దిగిపోతుందట, ముందున్న తాతగారు గుద్దుకున్నారు, ధమ్, గదంతా మోగింది, నా వంతు రాగానే నేను గబగబా చప్పట్లు కొట్టాను, ఏమీ లేదు, రాయి రాయిలాగే ఉంది, చప్పట్లు పెళ్లిలో కొట్టుకో అమ్మాయ్, ఈ గదికి చప్పట్లూ వినపడవు, అరుపులూ వినపడవు, గుండె ఒక్కటే వినపడుతుంది అంది అత్తయ్య, పోనీ తన బదులు నేను కొడతానే అమ్మా అంటూ సారిన్ గోడకి ఆనుకున్నాడు, ధమ్, నీ గుండె సంగతి ఎవడడిగాడ్రా, జరుగు అని తోసేసింది.

వీపుకి రాయి చల్లగా తగిలింది, రవికె కింద కుట్ల గీత, స్నానంలో కూడా దాని మీద నీళ్లు పోయడమే తప్ప చెయ్యి వేయలేదు నేను, పగిలిపోతుందేమోనని భయం, పిడికిలి బిగించాను, తాకీ తాకనట్టు తట్టాను, గది పలకలేదు, దోమని తోలుతున్నావా, గట్టిగా కొట్టవే అంది అత్తయ్య, కళ్లు మూసుకుని కొట్టాను, ధమ్మ్, నా వెనక గోడ కదిలినట్టయింది, మోత నా ఎముకల్లోంచి లేచి పైకి, పైకి, గోపురం దాకా వెళ్లింది, అది నాదేనా, తాతగారిదాని కంటే పెద్దది, మళ్లీ కొట్టాను, నొప్పి లేదు, ధమ్మ్, మళ్లీ, నవ్వు ఆగడం లేదు, వెనక ఎవరో చాలక్కా, మాక్కూడా కాస్త మిగల్చు అంటున్నారు, సారిన్ ముఖం మీద పౌడరులో కన్నీటి చారలు, కావిడి ఎవరికీ ఇవ్వకండి అత్తయ్యా అని అరిచాను, గది ఆ అరుపుని పట్టించుకోలేదు, అత్తయ్య పట్టించుకుంది, ఎర్రటి నోరంతా తెరిచి నవ్వింది, పిడికిలి విప్పి అరచేతిని కుట్ల మీదే ఆనించి ఉంచాను, లోపల అది తన పని తాను చేసుకుంటోంది, నాకు నయమైపోయింది, ఎప్పుడో నయమైపోయింది, ఇన్నాళ్లూ తెలియనిది నా ఒక్కదానికే.