అది పిడికిలి కాదు

ఎమోరీ చేతిలో ఏమీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలా మంది చాలా ఉన్నాయన్నారు. కత్తి ఉందన్నారు. మత్తుమందు ఉందన్నారు. చివరికి, ఏమీ లేకపోయినా ఉన్నట్టు కనిపించిందన్నారు. నేను పక్క కారులో కూర్చుని చూశాను. అది ఖాళీ చెయ్యి, మూసుకుపోయిన ఖాళీ చెయ్యి.

మాది మిసిసిపీలో కోళ్ళ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఫ్యాక్టరీ లేకపోతే ఊరు లేదు. లైను మీద నిమిషానికి ముప్పై కోళ్ళు మన ముందునుంచి పోతాయి, ఒక్కోదానికి మూడు కోతలు. ఎనిమిది గంటలు ఆ చలిలో కత్తి పట్టిన చెయ్యి, షిఫ్టయ్యాక కత్తి కింద పెట్టినా పట్టుకున్నట్టే ఉండిపోతుంది. అందుకే మూడున్నరకి బయటికొచ్చినవాళ్ళం వెంటనే ఇళ్ళకు పోము. కార్లలో కూర్చుంటాం. కొందరు హీటరు ముందు చెయ్యి పెడతారు. నేను ఫ్లాస్కులో తెచ్చుకున్న వేడినీళ్ళు ఎడం చేత్తో గిన్నెలో పోసుకుని కుడి చెయ్యి ముంచుతాను. పావుగంటకో అరగంటకో వేళ్ళు తాళంచెవి తిప్పేంత తెరుచుకుంటాయి. అప్పుడు పోతాం. వంద కార్లలో వంద మంది, ఎవరూ మాట్లాడరు. కొత్తగా చూసేవాళ్ళకి అదేదో ప్రార్థనలా ఉంటుంది.

ఆ రోజు కొత్తగా చూసినవాడు ప్రూయిట్. పోలీసు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఫ్యాక్టరీ వెనక ఏదో దొంగతనం జరిగిందని వచ్చి, ఎమోరీ కారు అద్దం మీద కొట్టాడు.

"ఏం చేస్తున్నావిక్కడ?"

"చెయ్యి తెరుచుకోవాలని కూర్చున్నాను సార్."

"ఏంటీ?"

"చెయ్యి సార్. కాస్త టైం పడుతుంది."

"దిగు కిందికి. చేతిలో ఏముంది?"

"ఏం లేదు సార్."

"ఏం లేకపోతే తెరువు మరి."

"అదే కదా సార్ నేను చెప్పేది..."

"తెరువన్నానా! కదలకు! చేతులు పైకెత్తు! కదలకన్నానా!"

విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. ఎమోరీకి యాభై మూడేళ్ళు. ఆదివారాలు చర్చిలో కుర్చీలు సర్దే మనిషి. చెప్పినట్టే చెయ్యెత్తాడు. ఎత్తేసరికి అది పిడికిలై కూర్చుంది. నల్లవాడు చెయ్యెత్తితే ఈ ఊరి పోలీసుకి ఎప్పుడూ పిడికిలే కనిపిస్తుంది.

పసుపుపచ్చ కరెంటు తుపాకీ. రెండు తీగలు వచ్చి ఎమోరీ చొక్కాలో దిగాయి. మనిషి నిలువునా పడ్డాడు. "చెయ్యి తెరువు!" అని అరుస్తూ మళ్ళీ నొక్కాడు ప్రూయిట్. కరెంటు తగిలితే కండ బిగుసుకుంటుంది. బిగిసిన చెయ్యిని తెరవమంటూ ఇంకా బిగించాడు. ఐదుసార్లు.

నా చెయ్యి గిన్నెలో ఉంది, కారు తలుపు తియ్యలేకపోయానని తర్వాత అందరికీ చెప్పాను. నిజమే. కానీ అద్దం దించే ఉంది. నా నోటికేమీ కాలేదు. "ఏమీ లేదయ్యా, వాడి చెయ్యే అంత" అని ఒక్క కేక వెయ్యొచ్చు. వెయ్యలేదు. నీళ్ళు చల్లారేదాకా అలాగే కూర్చున్నాను. అప్పుడు సిగ్గు కూడా వెయ్యలేదు. అసలేమీ అనిపించలేదు. పన్నెండేళ్ళు లైను మీద నిలబడితే ముందు వేళ్ళు మొద్దుబారతాయి, తర్వాత మణికట్టు. అక్కణ్ణుంచి ఎంతవరకు పోతుందో ఫ్యాక్టరీ నర్సు చెప్పదు. రెండు మాత్రలిచ్చి మళ్ళీ లైనుకి పంపుతుంది, పుస్తకంలో మాత్రం ఏమీ రాయదు.

ఎమోరీని రెండు రోజులు ఆసుపత్రిలో మంచానికి గొలుసేసి ఉంచారు. తర్వాత జైలు. పోలీసు మాట వినలేదనీ, కొట్టడానికి చెయ్యెత్తాడనీ కేసు. రుజువైతే ఆరు నెలలు. అతని గుండె లయ తప్పిందనీ, ఆ గుండెతో ఆరు నెలల జైలు తట్టుకోలేడనీ డాక్టరు అతని భార్యతో చెప్పాడు. ఆమె ఆ మాట మాతో చెప్పినప్పుడు ఏడవలేదు. మేమూ ఏడవలేదు. కార్లు నిలిపేచోట స్తంభం మీద ఫ్యాక్టరీ కెమెరా ఉంది, అది చూపిస్తే చాలు అన్నదొక్కటే మా మాట. మేనేజరు హోల్కం ఆ రోజు కెమెరా పనిచెయ్యలేదన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక బట్టలుతికే మిషన్ల దుకాణంలో కలిశాం. మా కోట్లకి అంటుకున్న కోడి వాసన ఇంట్లో ఉతికితే పోదు, అందుకని అందరం ఎలాగూ అక్కడికే వస్తాం. మీటింగని చెప్పక్కర్లేదు. మిస్ వెర్డెల్ బెంచీ మీద కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళు లైను మీద చేసి ఆరేళ్ళ కింద మానేసింది. ఆమె చేతులు ఇక ఎంత వేడినీళ్ళకీ తెరుచుకోవు. కాఫీ కప్పు రెండు మణికట్ల మధ్య పట్టుకుని తాగుతుంది.

ముందు డ్వేన్ మొదలుపెట్టాడు. తెల్లవాడే, మా లైనువాడే.

"నాకూ బాధగానే ఉంది. కానీ పోలీసోడు తెరవమంటే తెరవొచ్చు కదా. నేనైతే తెరిచేవాణ్ణి."

ఆ మాటంటూనే మిషను కంతలో డబ్బు బిళ్ళ వెయ్యాలని చూస్తున్నాడు. బిళ్ళ వేళ్ళలో నిలవక మూడోసారి కింద పడింది. యులాలియా వంగి తీసి కంతలో వేసింది. ఆమె గ్వాటెమాలా మనిషి, లైనులో నా ఎడమపక్కన నిలబడుతుంది.

"ముందు బిళ్ళ వెయ్యడం నేర్చుకో తమ్ముడూ, తర్వాత చెయ్యి తెరుద్దువుగాని," అంది.

అందరూ నవ్వారు. డ్వేన్ నవ్వలేదు. తన చేతివంక చూసుకున్నాడు.

"వాళ్ళు చేసింది చేశారు. మనం ఏం చెయ్యాలో చెప్పండి," అంది మిస్ వెర్డెల్.

"ప్రార్థన చేద్దాం," అని ఎవరో అన్నారు.

"చేస్తూనే ఉన్నాగా నాయనా, అరవై ఏళ్ళబట్టి. దేవుడికి మన అడ్రసు తెలుసు. కావాల్సింది సాక్షి."

యులాలియా పర్సులోంచి ఒక చీటీ తీసింది. "నాకు కాగితాలు లేవమ్మా. నేను కోర్టు మెట్లెక్కితే అటునుంచటే దేశం దాటిస్తారు. కానీ ఇది చూడండి. ఎమోరీ అన్న పడిపోయిన రోజే, మధ్యాహ్నం భోజనం నుంచి రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చానని హెచ్చరిక చీటీ ఇచ్చారు. ఎలా తెలిసిందో కిందే రాశారు. కార్లచోటి కెమెరాలో చూశాం అని."

చీటీ చేతులు మారుతూ దుకాణమంతా తిరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి మిస్ వెర్డెల్ నా వంక చూసింది.

"అర్నెట్టా, నువ్వు పక్క కారులోనే ఉన్నావుగా. ఏం చూశావమ్మా?"

"నాకిప్పటికే రెండు గైర్హాజరు మార్కులున్నాయి మిస్ వెర్డెల్. కోర్టు పనిరోజున. మూడోది పడితే ఉద్యోగం పోతుంది."

"నేనడిగింది అది కాదు."

మిషన్లు తిరుగుతున్నాయి. నాకు భయం వేసిందని చెప్పలేను, ధైర్యం వచ్చిందనీ చెప్పలేను. "వస్తాను" అన్నాను. మరో పది మంది వస్తామన్నారు. వాళ్ళలో డ్వేన్ కూడా ఉన్నాడు.

గురువారం కోర్టు. నన్ను బోనెక్కించారు. కుడి చెయ్యెత్తి, అరచెయ్యి చూపించి ప్రమాణం చెయ్యమన్నాడు గుమాస్తా. ఎత్తాను.

"పిడికిలి కాదు, అరచెయ్యి," అన్నాడు జడ్జి.

"ఇది పిడికిలి కాదయ్యా. రాత్రి షిఫ్టుకి మనుషులు తక్కువయ్యారని నిన్న రెండు షిఫ్టులు చేయించారు. ఇది ఇంతే తెరుచుకుంటుంది."

"కోర్టుతో పరాచికాలొద్దు."

వెనక బెంచీలో మిస్ వెర్డెల్ లేచి తన చెయ్యెత్తింది. ఆమె పక్కన డ్వేన్. తర్వాత తక్కినవాళ్ళు. వరసగా వంకర్లు తిరిగిన చేతులు.

"ఇది కోర్టా, ఊరేగింపా?" అని అరిచాడు జడ్జి. "కూర్చోండి!"

తలుపు దగ్గరున్న పోలీసు నడుముకున్న పసుపుపచ్చదాని మీద చెయ్యేశాడు. కూర్చున్నారు. నేను చూసింది చెప్పాను. ఐదుసార్లని చెప్పాను. నేను కేక వెయ్యలేదని కూడా చెప్పాను, అది ఎవరూ అడగలేదు. ప్రూయిట్ వచ్చి తనకు భయం వేసిందన్నాడు. జడ్జి ఆ భయాన్ని నమ్మాడు. చీటీ మీద యులాలియా పేరు కొట్టేసి ఇచ్చాం కాబట్టి అది చెల్లదన్నాడు. చెయ్యి తెరుచుకోదని పోలీసుకు ఎలా తెలుస్తుందన్నాడు. ఆరు నెలలు.

ఎమోరీ పక్క తలుపులోంచి పోతూ మా వైపు తిరిగాడు. "నా కారు ఇంకా అక్కడే ఉందా? బ్యాటరీ దిగిపోయుంటుంది," అన్నాడు.

సాయంత్రానికి ఫ్యాక్టరీ గేటు మీద, పనిలోంచి తీసేసినవాళ్ళంటూ పదకొండు పేర్ల కాగితం అంటించారు. మా పేర్లు. కుక్కకాటుకి చెప్పుదెబ్బ అంటే ఇదే.

చదువుకునే పిల్లలు కొందరు తర్వాత నన్నడిగారు, సమ్మె ఎవరి ఆలోచన అని. ఎవరిదో చెప్పలేను. ఆ కాగితం ముందు నిలబడ్డప్పుడు డ్వేన్ ఒక మాటన్నాడు: "టోపీ, మాస్కు, తెల్లకోటు వేసుకుంటే లోపల ఎవడు ఎవడో హోల్కంని కన్నతల్లి చెప్పినా వాడికి తెలీదు." అంతే. మర్నాడు తెల్లారకముందే యులాలియా ఉతికిన కోట్లు పన్నెండు తెచ్చింది. సరుకులెక్కించే తలుపు లోపలివాళ్ళు తీసి పట్టుకున్నారు. పన్నెండో కోటు మిస్ వెర్డెల్‌ది. తడి నేల మీద గోడ పట్టుకుని నడుస్తూ, "కంపు మాత్రం ఏం మారలేదు," అంది.

ఏడింటికి సైరను మోగింది. లైను కదిలింది. కోళ్ళు వచ్చాయి. మేం కత్తులు బల్లమీద పెట్టేశాం. కోళ్ళు మా ముందునుంచి అలాగే పోయాయి. చివర కుప్పపడ్డాయి, కుప్ప నేలమీదికి జారింది, ఎవరో ఎర్ర మీట నొక్కారు. పన్నెండేళ్ళలో షిఫ్టు మధ్యలో ఆ చప్పుడు ఆగడం నేనెప్పుడూ వినలేదు. నిశ్శబ్దానికి చెవులు నొప్పెట్టాయి.

హోల్కం పరిగెత్తుకొచ్చాడు. "ఎవరిదీ పని? ఎవరు నాయకుడు?"

మూడు వందల మాస్కులు అతని వంక చూశాయి.

"కెమెరాలో ఉన్నది ఇయ్యి," అందొక మాస్కు.

"చేతుల సంగతి నర్సు పుస్తకంలో రాయించు," అంది ఇంకొకటి.

"పనిచెయ్యలేదని ఎన్నిసార్లు చెప్పాలి!"

"నా రెండు నిమిషాలు కనిపించాయిగానీ ఐదుసార్ల కరెంటు కనిపించలేదా సార్?" అంది యులాలియా. ఆమె గొంతు ఎవరికైనా తెలిసిపోతుంది. అయినా అంది.

హోల్కం ఫోను తీశాడు. పావుగంటలో ఆరుగురు పోలీసులు వచ్చారు. తడి నేల మీద బూట్లు జారుతున్నాయి. ముందున్నవాడు ప్రూయిట్. పసుపుపచ్చది బయటికి తీశాడు. దాని ఎర్ర చుక్క కోట్ల మీద తిరిగి తిరిగి మిస్ వెర్డెల్ ఛాతీ మీద ఆగింది.

నేను నడిచి ఆమె ముందుకు వెళ్ళాను. దాన్ని ధైర్యమని ఎక్కడా రాయకండి. నాకేమీ అనిపించలేదు. ఎర్ర చుక్క నా కోటు మీదికి వచ్చింది. "కాల్చకు బాబూ, కత్తులన్నీ బల్లమీదే ఉన్నాయి," అని ఈసారి గట్టిగానే అరిచాను.

"వెనక్కి పో!" అన్నాడు ప్రూయిట్.

అప్పుడు కేక వేసింది హోల్కం. మా మీద కాదు.

"దాన్ని లోపల పెట్టు! వెధవా, లోపల పెట్టు! పైన అమ్మోనియా గొట్టాలున్నాయి, వారంబట్టి ఒకటి కారుతోంది! ఒక్క నిప్పురవ్వ పడితే మనందరం పోతాం!"

ప్రూయిట్ పైకి చూశాడు. అందరం చూశాం, ఫ్యాక్టరీని చల్లగా ఉంచే ఆ గొట్టాల వంక. వారంబట్టి కళ్ళు మండుతున్నాయని మేం మొత్తుకుంటే, ఆ వాసన మీ ముక్కుల్లోనే ఉందని చెప్పినవాడు ఈ హోల్కమే. ఇప్పుడతని మొహం మా కోట్లకంటే తెల్లగా ఉంది.

పసుపుపచ్చది నడుం మీదికి వెళ్ళిపోయింది. మిగతా ఐదుగురూ తమ నడుముల మీదివాటి నుంచి చేతులు తీసేశారు.

మిస్ వెర్డెల్ నా భుజం పట్టుకుని మెల్లగా నేలమీద కూర్చుంది. "పైన ఆ గొట్టాలున్నాయి కాబట్టి, వీళ్ళు మన మీద ఆ పసుపుపచ్చది పేల్చలేని చోటు ఊరు మొత్తంలో ఇదొక్కటేనన్నమాట," అంది. నేనూ కూర్చున్నాను. "ఆ కారే గొట్టం మూయించమని కూడా అడగండి," అన్నాడు డ్వేన్, కూర్చుంటూ. ఆ తర్వాత చూస్తే ఆ చివరి దాకా తెల్లకోట్లు నేలకు దిగుతూనే ఉన్నాయి. నేల చల్లగా ఉందని నాకు తెలుస్తోంది. చాలాకాలం తర్వాత ఏదైనా తెలియడం అదే మొదలు.

హోల్కం గొంతు మార్చాడు. ముందు మెకానిక్‌కి సైగ చేసి కారే గొట్టం మీట మూయించాడు. "చూడండి, పెద్దవాళ్ళున్నారు, ఇక్కడొద్దు. బయటికి రండి, ప్రశాంతంగా మాట్లాడుకుందాం."

బయట ఆరు పోలీసు కార్లున్నాయని అందరికీ తెలుసు.

"బయట ఏముంది సార్ మాట్లాడ్డానికి?" అంది యులాలియా. మాస్కు తీసేసింది. "మీరే కెమెరాలో ఉన్నది పట్టుకుని ఇక్కడికి రండి. వచ్చేటప్పుడు కోటు వేసుకోండి, లోపల చలెక్కువ."