మీదే ఊరప్పా?

ఆవును కొనడానికి వచ్చినవాడు దాని పళ్ళు చూడాలి, పొదుగు తడమాలి, నాలుగడుగులు నడిపించి చూడాలి. అవేవీ చెయ్యకుండా కొట్టం వెనకాల ఎంత జాగా ఉందో ఒకసారి తొంగిచూసి, "బలే ఆవప్పా!" అని మెచ్చుకునేవాడు ఆవు కోసం రాలేదని చెన్నరాయప్పకు తెలుసు. కూతురికి ఉద్యోగం వచ్చిందన్న రోజు ఆయనకు ఎందుకో అలాంటివాడే గుర్తొచ్చాడు. పైకి మాత్రం ఏమీ అనలేదు. ఆయనకు మాట్లాడే అలవాటే తక్కువ.

కూతురు భవ్య హొసకోటె కాలేజీలో బీకాం ముగించి, ఎన్నో చోట్లకు అర్జీలు పెట్టి, ఏ చోటినుంచీ జవాబు రాక ఇంట్లో ముఖం మాడ్చుకుని తిరుగుతున్న రోజుల్లో ఆ ఉద్యోగం వచ్చింది. బెంగళూరులో వర్తూరు దగ్గర అద్దాల మేడలో 'సిరిబెళకు వెల్త్' అని ఒక కంపెనీ. జనం తమ డబ్బును ఎక్కడ పెట్టుకోవాలో చెప్పడం దాని పని. అందులో భవ్య రిలేషన్‌షిప్ ట్రైనీ. తల్లి పుష్పావతి ఆ మాటను నోరు తిరిగినంతలో ఊరంతా చెప్పుకొచ్చింది.

"రిలేసన్ అంటే సంబంధాలు కదా, పెండ్లి సంబంధాలు చూసే పనా?" అని పక్కింటి చిక్కమ్మ అడిగితే, పుష్పావతి ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు.

అంతకు ముందు ఏడాదే కొత్త రోడ్డుకు చెన్నరాయప్ప మల్బరీ తోట పోయింది. పరిహారం బ్యాంకు ఖాతాలో పడింది, పడింది పడినట్టే ఉంది. ఇక మిగిలింది రాగులు పండే మెట్ట చేను, కొట్టంలో ఆవులు. ముసలితనానికైనా, భవ్య ముందు బతుక్కైనా ఆ డబ్బే ఆధారం. ఆయన దాన్ని డబ్బని అనుకునేవాడు కాదు, తోట అనే అనుకునేవాడు. తోట బ్యాంకులో ఉంది, అంతే.

ఉద్యోగంలో చేరి రెండో నెల నడుస్తుండగా భవ్య రాగిముద్ద తింటూ మాట కదిపింది.

"నాయనా, ట్రైనింగు ముగిసి పర్మనెంటు కావాలంటే మొదటి ఖాతా మన ఇంటిదే తెరవాల. మనింటోళ్ళే మనల్ని నమ్మకుంటే బయటోళ్ళు ఎట్ల నమ్ముతారు అంటాడు మా సార్. శుక్రవారం నువ్వొచ్చి సంతకం పెడితే చాలు. నెలకు నూటికి రెండు రూపాయలు వస్తాది."

"రెండు రూపాయల వడ్డీనా?"

"వడ్డీ అనకూడదు. రిటర్న్."

"ఎవరు కడతారు దాన్ని?"

"కంపెనీ."

"కంపెనీకి ఎవరు కడతారు?"

భవ్య చేతులు తిప్పుతూ చెప్పింది. బిల్డర్లు, చిన్న వ్యాపారస్తులు, డబ్బు తొందరగా కావలసినవాళ్ళు. చెన్నరాయప్ప అంతా విన్నాడు. ఊళ్ళో రెండు రూపాయలకు అప్పు తీసుకునేవాడు ఎవరో ఆయనకు తెలుసు. బ్యాంకు గడప దాకా పోయి వెనక్కి తిరిగొచ్చినవాడు. అట్లాంటివాడి చేతిలో తోట పెట్టాలా?

"సంతకం పెట్టకుంటే పిల్ల ఉద్యోగం పోతాది," అంది పుష్పావతి. "నీకు ఎవరి మీద నమ్మకముండాది చెప్పు? పెండ్లినాడు మా నాయన పెట్టిన చెంబును గూడా పందిట్లోనే కొట్టి చూస్తివి!"

"చిల్లుండె గదా?" అన్నాడు చెన్నరాయప్ప.

చిల్లున్న మాట నిజమే కాబట్టి పుష్పావతి లేచి గిన్నెలు గట్టిగా కడిగింది.

పిల్లను ఇచ్చే ముందు చెప్పాపెట్టకుండా పోయి ఇల్లు చూసి రావడం వాళ్ళ వాడుక. చెప్పి పోతే ఎవరి ఇల్లైనా అలికే ఉంటుంది. బుధవారం పొద్దున చెన్నరాయప్ప ఒక సంచిలో జామకాయలు పోసుకుని హొసకోటెలో బస్సెక్కాడు. కె.ఆర్.పురంలో దిగి, ఇంకో బస్సెక్కి వర్తూరు చేరాడు.

అట్లాంటి మేడల దగ్గర పంచె కట్టినవాణ్ణి వాచ్‌మన్ ఎండలో నిలబెట్టడం ఆయన ఎరిగిన మర్యాద. ఇక్కడ అట్లా జరగలేదు. "భవ్య వాళ్ళ నాయనను" అన్నాడో లేదో వాచ్‌మన్ కుర్చీ వేసి ఫోను చేశాడు. పైనుంచి మేనేజరు హేమంత్‌కుమార్ లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీదుగా దిగొచ్చి వంగి కాళ్ళకు మొక్కాడు.

"అప్పాజీ! చెప్పింటే కారే పంపించేవాణ్ణి గదా, బస్సులో యాకె వచ్చినారు?"

చెన్నరాయప్ప కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. మేనల్లుళ్ళు కూడా ఆయన కాళ్ళకు అంత వేగంగా మొక్కలేదు.

లోపల చల్లగా ఉంది. మెత్తని కుర్చీ, గాజు గ్లాసులో బాదం పాలు. భవ్య దూరంగా తన బల్ల దగ్గర లేచి నిలబడి సిగ్గుతో, సంతోషంతో చూస్తోంది. నాయనకు జరుగుతున్న మర్యాద ఆ పిల్ల ముఖంలో వెలుగుతోంది. ఆ ముఖం చూసి, వచ్చింది తప్పేమో అనుకున్నాడు చెన్నరాయప్ప.

"మీ కూతురు వెరీ టాలెంటెడ్ అప్పాజీ."

"ఏం పని బాగా చేస్తాది?"

హేమంత్‌కుమార్ రెప్పలు ఆర్పాడు. "అన్నీ! ఆటిట్యూడ్ సూపర్. అదట్లుండనీ, మీకు తోట పోంగా మిగిలిన చేను ఉండాది గదా, అది రోడ్డుకు ఆనుకునే వస్తాదా? లోపలకా?"

కొట్టం వెనక జాగా చూస్తున్నాడు, అనుకున్నాడు చెన్నరాయప్ప. "లోపలకు" అని అబద్ధం చెప్పాడు.

మధ్యాహ్నం భవ్యతో పాటు చేరిన పిల్లలు డబ్బాలు తెచ్చుకుని ఒక చోట కూర్చున్నారు. చెన్నరాయప్ప జామకాయలు పంచాడు. పల్లెవాడికి కొత్త మనిషి కనబడితే నోటికొచ్చే మొదటి మాటే ఆయన నోటికీ వచ్చింది. మంచి మనసుతోనే అడిగాడు.

"మీదే ఊరప్పా?"

"మాలూరు పక్కన," అన్నాడు సందీప్ అనే పిల్లవాడు, జామకాయ కొరుకుతూ. "మామిడి తోట ఉండె. రోడ్డుకు పాయె."

"నీదేమ్మా?"

"దేవనహళ్ళి పక్కన అప్పా," అంది కావ్య. భవ్యకు ఆ ఆఫీసులో ప్రాణస్నేహితురాలు. "మాది ద్రాక్ష. అదీ రోడ్డుకే."

ఆ చివర కూర్చున్న సన్నపాటి పిల్ల తనంతట తానే చెప్పింది. ఆనేకల్ దగ్గర పూల తోట. చెన్నరాయప్ప చేతిలో జామకాయ చేతిలోనే ఉండిపోయింది.

"అందరికీ పరిహారం వచ్చిందా అయితే?"

"వచ్చింది, ఇందులో వేసేసినాము గూడా!" సందీప్ నవ్వాడు. "ఇంకా వెయ్యని ఇల్లు మీదొక్కటే అప్పాజీ. పార్టీ మీదే!"

అందరూ నవ్వారు. భవ్య కూడా నవ్వింది.

చెన్నరాయప్ప వాళ్ళను ఒక్కొక్కరినీ చూశాడు. ఇంత పెద్ద బెంగళూరు. సందుకొక కాలేజీ. దర్జీ కొడుకులు, కండక్టర్ల కూతుళ్ళు ఎంతమంది చదువుకుని లేరు? ఈ బల్ల చుట్టూ వాళ్ళలో ఒక్కరూ లేరు. భూమి పోయినవాళ్ళ పిల్లలే, అదీ డబ్బు చేతికొచ్చినవాళ్ళ పిల్లలే.

సాయంత్రం ఇద్దరూ కలిసి తిరుగుదారి పట్టారు. కె.ఆర్.పురం దాటేదాకా ఆయన ఖాళీ సంచిని మడతలు పెడుతూ కూర్చున్నాడు. తర్వాత చూసింది చూసినట్టు చెప్పాడు. భవ్య కిటికీ వైపు తిరిగింది.

"అంటే నన్ను మార్కులు చూసి తీసుకోలేదంటావు. నేను చదివిందంతా సుమ్నే, దండగ అంటావు."

"నేను అట్లనలేదు."

"ఇంకెట్లన్నావు? మన తోటకు ఉద్యోగం ఇచ్చినారు, నాకు ఇయ్యలేదు, అంతే గదా?"

ముందు సీటులోని ముసలమ్మ వెనక్కి తిరిగి చూసింది. చెన్నరాయప్ప గొంతు తగ్గించాడు.

"ఇంటర్వ్యూలో ఏమడిగినారమ్మా?"

"అన్నీ అడిగినారు."

"అన్నీ అంటే?"

"నా గురించి చెప్పమన్నారు. ఏ ఊరన్నారు. నాయన ఏం చేస్తాడన్నారు. భూమి ఎవరి పేర్న..." అక్కడ ఆగింది.

"లెక్కలేమన్నా?"

భవ్య తన సంచిని ఒళ్ళోకి లాక్కుంది. బస్సు ఆగుతూ, జనాన్ని ఎక్కించుకుంటూ పోయింది. హొసకోటెలో దిగాక ఆ పిల్ల చీకటిపడ్డ స్టాండులో నిలబడి కోపంగా అంది.

"రేపు చెప్తాను చూడు. చిన్నాయన భాగం కావాలని కోర్టుకు పోయినాడు, దుడ్డు నిలిచిపోయింది, ఎప్పుడొస్తాదో తెలీదు అని చెప్తాను. అయినా నన్ను పెట్టుకుంటారు. అప్పుడు నువ్వు నోరెత్తకుండా సంతకం పెట్టాల."

"పెడతాను," అన్నాడు. కాసేపు నడిచాక, "మా తమ్ముడు మునినారాయణప్పకు తెలిస్తే ఏడుస్తాడు పాపం. వాడు కోళ్ళతో గూడా కొట్లాడినోడు కాదు," అన్నాడు. భవ్యకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

మర్నాడంతా చెన్నరాయప్పకు ఏ పనీ సాగలేదు. తన అనుమానం అబద్ధమైతే బాగుండునని ఆయన జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు. మంచి ఆవని మెచ్చుకున్నవాడు నిజంగా ఆవునే మెచ్చుకుని ఉండకూడదా? కూతురు పనిమంతురాలే. ఇంట్లో డెయిరీ లెక్క తప్పులు పట్టేది అదే. ఆ మేనేజరు కంటికీ అది కనిపించి ఉండొచ్చు గదా?

పాలు పితికే వేళకే భవ్య వచ్చేసింది. రోజూ వచ్చే వేళకు ఇంకా చాలా ఉంది. ఇంట్లోకి పోకుండా నేరుగా కొట్టంలోకి వచ్చి గడ్డిమోపు మీద కూర్చుంది. ఆయన పితకడం ఆపలేదు. ఆపితే ఆ పిల్లకు మాట రాదని తెలుసు.

"పొద్దున చెప్పినాను. సార్ బాగానే విన్నాడు. అయ్యో, ఇంటి విషయమే ముఖ్యం అన్నాడు. లాప్‌టాప్ మూసినాడు. కేసు తేలినాక కాల్ చెయ్ అన్నాడు. నాకు అప్పుడు గూడా అర్థం కాలా."

"ఊఁ."

"మధ్యాహ్నం నేను, కావ్య కిందికి పోయి టీ తాగి వచ్చినాము. తలుపుకు కార్డు పెడితే కావ్యకు పచ్చ లైటు. నాకు ఎర్ర లైటు. మళ్ళీ పెట్టినాను. మళ్ళీ ఎర్రదే. కావ్య తలుపు పట్టుకుని, రావే తొందరగా, ఏసీ చల్లదనమంతా బయటికి పోతా ఉండాది అంటాది. నేను బయటే నిలబడినాను నాయనా. సంచి గూడా అదే తెచ్చిచ్చింది."

ఆ పిల్ల గడ్డిమోపులోంచి ఒక పోచ లాగి తుంచింది.

"నువ్వే గెలిచినావులే," అంది భవ్య.

చెన్నరాయప్ప లేచి, చెంబు పక్కన పెట్టి, పాల చేతినే కూతురి తల మీద పెట్టాడు. గెలిచినవాడి ముఖం కాదది. "కావ్యకు చెప్పినావా?" అని అడిగాడు.

"చెప్పినాను. నీకు కుళ్ళు అనింది."

"వాళ్ళ నాయన నంబరుందా?"

ఫోనులో రెండు మాటలకు మించి ఎన్నడూ మాట్లాడనివాడు ఆ సాయంత్రం కావ్య నాయనతో చాలాసేపు మాట్లాడాడు. "మాకు నెలనెలా తప్పకుండా వస్తా ఉండాదప్పా. మీ పిల్లను తీసేస్తే మా ఇంటి మీద ఏడుపెందుకు?" అని అవతల ఆయన ఫోను పెట్టేశాడు. ఆ రెండు రూపాయలు వాళ్ళకు ఇప్పటికీ వస్తున్నాయని వినికిడి. నెల మొదట్లో చెన్నరాయప్ప "వచ్చిందంటనా?" అని అడుగుతాడు. "వచ్చిందంట" అంటుంది భవ్య. ఆయనకు మనసు కుదుటపడదు.

శుక్రవారం హేమంత్‌కుమార్ కోసం తీసి పెట్టుకున్న ఇస్త్రీ చొక్కాను చెన్నరాయప్ప ఆ మరుసటి వారం హొసకోటె బ్యాంకుకు తొడుక్కుపోయాడు. భవ్య చెప్పినట్టు కొంత డిపాజిట్టులో వేసి, కొంత ఎప్పుడైనా తీసుకునేలా వదిలాడు. వడ్డీ ఎంతని గుమాస్తాను అడిగినదే అడుగుతుంటే భవ్య మోచేత్తో పొడిచింది. చెప్పిన వడ్డీ చాలా తక్కువ. తక్కువని విన్నాకే ఆయన సంతకం పెట్టాడు.

వానలు మొదలయ్యాక భవ్యకు కె.ఆర్.పురంలో ఒక ఆడిటరు ఆఫీసునుంచి పిలుపొచ్చింది. సుశీల అని ఒకామె నడుపుతోంది. హార్డ్‌వేర్ అంగడి పైన, ఇరుకు మెట్లు, గోడకు తడి మరక. చెన్నరాయప్ప పైకి పోలేదు. కింద అంగడి చూరు కింద నిలబడి ఎవరెవరు మెట్లెక్కుతున్నారో, దిగేటప్పుడు వాళ్ళ ముఖాలెట్లా ఉన్నాయో చూస్తూ ఉన్నాడు. కిందికి వచ్చి ఆయన కాళ్ళకు మొక్కినవాళ్ళెవరూ లేరు. అంగడివాడు మాత్రం దారికి అడ్డం నిలబడొద్దని కసిరాడు.

చాలాసేపటికి భవ్య దిగొచ్చింది. వేళ్ళకు సిరా అంటింది.

"ఏమాయె?"

"ఒక అంగడి బిల్లులన్నీ ముందర పోసి లెక్క సరి చెయ్యమనింది. రెండు చోట్ల తప్పు చేసినాను. తిట్టింది గూడా."

"తిట్టిందా?"

"కాలేజీలో ఏం నేర్పించినారు మీకు అనింది. జీతం అక్కడిదాంట్లో సగం గూడా లేదు. ఉద్యోగం ఇస్తాదో లేదో గూడా తెలీదు, రేపు ఫోన్ చేస్తాదంట."

చెన్నరాయప్ప గొడుగు విప్పాడు. బస్సు స్టాపు వైపు కొంత దూరం నడిచాక, కూతురి వైపు చూడకుండా అడిగాడు.

"ఏ ఊరని అడిగిందా?"

భవ్య ఆలోచించింది. "లేదు నాయనా. అడగనే లేదు."

"మా గురించి?"

"ఊహూఁ."

చెన్నరాయప్ప వెనక్కి తిరిగి ఆ ఇరుకు మెట్లను, తడి మరకను, కసిరిన అంగడివాణ్ణి ఇంకొకసారి చూశాడు.

"రేపు ఫోన్ రాకుంటే మనమే చేద్దాము," అన్నాడు.