ఒరిజినల్స్ బీరువా

2025 నవంబరు 17, సోమవారం, మధ్యాహ్నం పన్నెండు గంటలు. నందిగామకూ జగ్గయ్యపేటకూ నడుమ, రహదారి పక్కనున్న ఒక ఇంజినీరింగు కాలేజీ ఆఫీసు గది. హాజరైనవారు: కాలేజీ కరస్పాండెంటు వరప్రసాదరావు, సర్టిఫికెట్ల బీరువా తాళాలు మోసే గుమాస్తా బసవయ్య, విజయవాడ నుంచి నోటీసు పట్టుకొచ్చిన ఎస్సై, మలావీ దేశం నుంచి వచ్చి ఇక్కడ చివరి సంవత్సరం చదువుతున్న చికోండి, హాస్టల్లో ఆమెతో ఒకే గదిలో ఉండే, వత్సవాయి ఊరి కూలీల బిడ్డ పరిమళ. పిలవకుండా వచ్చింది పరిమళ ఒక్కతే.

వరప్రసాదరావు టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు జరిపాడు. 'పాస్‌పోర్టు నా వద్దనే ఉన్నది. నా నిర్లక్ష్యం వలననే నివాస అనుమతి గడువు తీరిపోయినది' అని అందులో ఉంది. దాని కింద సంతకం పెడితే చికోండి పద్నాలుగు రోజుల్లో దేశం విడిచిపోవాలి. ఒక్క సెమిస్టరు దూరంలో ఉన్న డిగ్రీ ఇక రాదు.

"పెట్టమ్మా. పెడితే మర్యాదగా ఫ్లైటెక్కుతావ్. లేదంటే కేసు, జైలు," అన్నాడు వరప్రసాదరావు.

"నా పాస్‌పోర్టు మీ బీరువాలో ఉంది సార్," అంది చికోండి. హాస్టల్ మెస్సులో మూడేళ్లుగా నేర్చుకున్న తెలుగు అది.

"ఏ బీరువా?" అన్నాడాయన, బీరువాకు వీపు ఆనించుకునే.

జరిగింది ఇది. చదువు మధ్యలో కాలేజీ మారిపోకుండా పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ చేరిన రోజే లాక్కుని బీరువాలో పెట్టడం ఇక్కడి యాజమాన్యాల ఆనవాయితీ. ఆ రోజు వరసలో నిలబడ్డ చికోండి, ముందున్న వాళ్లంతా పదో తరగతి, ఇంటర్ కాగితాలు బల్ల మీద పెట్టడం చూసి, ఇదే ఈ దేశపు పద్ధతి కాబోలనుకుని తన పాస్‌పోర్టు పెట్టింది. తీసుకోకూడదని బల్లకు అవతల ఉన్న ఏ ఒక్కరూ అనలేదు. అనుమతి గడువు పొడిగింపును కాలేజీయే రెండేళ్లు ఆన్‌లైన్లో పెట్టింది. మూడో ఏడు మరిచింది. ఆమె నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ "పెడతాంలే" అన్నారు. జూలై నెలాఖరుకు గడువు తీరింది. ఆరా తీస్తూ పోలీసులొచ్చేసరికి కాలేజీ తన తప్పును టైపు చేయించి ఆమె పేరు రాసింది.

"గంట టైమిస్తున్నా," అన్నాడు వరప్రసాదరావు. ఎస్సై టీకి లేచాడు.

పరిమళ తిన్నగా మెస్సుకు నడిచి, బల్లెక్కి, జరిగింది చెప్పింది. అందరూ విన్నారు, కొందరు పళ్లేల్లోకి చూశారు.

"దాని వీసా గోల మనకెందుకు?" అన్నాడు కల్యాణ్, నందిగామ మోతుబరి కొడుకు. "ఎదురు తిరిగితే మన ఒరిజినల్స్ ఇవ్వరు."

"ఇప్పుడిస్తున్నారా? పోయిన నెల ఉద్యోగాలివ్వడానికొచ్చిన పుణె కంపెనీవాళ్లు ఒరిజినల్స్ చూపించమంటే ఏం చూపించావ్ రా? నీ మొహమా?" అంది పరిమళ.

మెస్సంతా ఘొల్లుమంది. కల్యాణ్ మొహం గంటు పెట్టుకున్నాడు.

వంట చేసే పున్నమ్మ గరిటె కింద పెట్టి వచ్చింది. "నా ఆధార్ కార్డు మూడేళ్లాయె మెస్సు కాంట్రాక్టరు దాసిపెట్టి. ఇంకో మెస్సుకి ఎల్లిపోతానని వాడికి బయ్యం. ఇయ్యాల పొయ్యి ఎలగదు. నాకూ ఒక అర్జీ రాసిపెట్టండ్రా."

మొదటి అర్జీకి కాగితం కల్యాణే తన నోటుబుక్కులోంచి చింపాడు.

అరగంటలో మూడు వందల మంది ఆఫీసు వరండాలో వరస కట్టారు. చేరిన రోజున ఇవ్వడానికి నిలబడ్డ వరస అది. ఈ రోజు తిరిగి పుచ్చుకోవడానికి నిలబడింది. ప్రతి చేతిలో ఒకే అర్జీ: 'నా ఒరిజినల్స్ నాకు ఇప్పించగలరు.' ఇన్నాళ్లూ ఒక్కొక్కరే వెళ్లి, ఒక్కొక్కరే తిట్లు తిని తిరిగొచ్చిన గుమ్మం అది.

"పోలీసుల్ని పిలుస్తా!" అరిచాడు వరప్రసాదరావు.

"పక్కనే టీ తాగుతున్నారు సార్, కొంచెం గట్టిగా పిలవండి!" అంది వరసలోంచి ఒక గొంతు.

ఎస్సై రెండు చేతులా జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చాడు. "ఈ గోలేందండీ? బీరువా తీసి పాస్‌పోర్టు లేదని చూపించండి, పోద్ది."

"తాళం కనపడట్లేదు," అన్నాడు వరప్రసాదరావు.

అందరి చూపులూ బసవయ్య మీద పడ్డాయి. ముప్పయ్యేళ్లుగా ఇతరుల కాగితాలను కాపలా కాసిన మనిషి. మొలతాడుకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచాడు. 2022లో చేరినవాళ్ల కట్ట విప్పాడు. నీలం అట్ట పాస్‌పోర్టు, దాని మీద ఆమె పేరు, తీసుకున్న తేదీ తన చేత్తోనే రాసి అంటించిన చీటీ బయటపడ్డాయి.

"బసవయ్యా! రేపట్నుంచి రాకు."

"అట్టాగేనండి. ఇవాళ్టి పని చేసేసి పోతా," అంటూ మిగతా కట్టలు కూడా బల్ల మీదికి తీశాడు.

ఎస్సై గొంతు మారలేదు. "దొరికినా గడువు తీరింది తీరిందేగా. అమ్మాయి విజయవాడ రావాల్సిందే."

అది నిజం. చట్టం బీరువాను అడగదు, మనిషినే అడుగుతుంది. అందుకే పరిమళ కాలేజీ టైపు చేసిన కాగితాన్ని పక్కకు నెట్టి, తెల్లకాగితం మీద రాసింది: 'ఈ పాస్‌పోర్టు మూడేళ్ల పైచిలుకు ఈ కాలేజీ బీరువాలో ఉన్నది. ఈ రోజు మా అందరి ఎదుట బయటికి తీయబడినది.'

"సాక్షుల పేర్లన్నీ పైకి పంపుతా. ఆలోచించుకోండి," అన్నాడు ఎస్సై.

"ఇంటిపేర్లతో సహా రాయమంటారా సార్?" అడిగాడు కల్యాణ్.

బసవయ్య మొదట సంతకం పెట్టాడు. పున్నమ్మ వేలిముద్ర వేసింది. పిల్లలు హాల్‌టికెట్టు నంబర్లతో సహా సంతకాలు చేశారు. ఒక కాగితం చాలక తొమ్మిది కుట్టారు. వరప్రసాదరావు కుర్చీలోంచి ఒక్కో పేరూ చూస్తూనే ఉన్నాడు, ఎవరూ పేరు దాచుకోలేదు.

"జీపు ఎనకాలే బెజవాడ బస్సెక్కుదాం పదండి," అంది పున్నమ్మ కొంగు బిగిస్తూ. "వంట రేపు సూద్దాం."

ఎస్సై చెయ్యి చాచాడు. "పాస్‌పోర్టు, ఆ కాగితాలు ఇటివ్వు. స్టేషన్లో భద్రంగా ఉంటయ్."

"జిరాక్స్ ఇస్తా సార్," అంది చికోండి. "ఒరిజినల్ ఇవ్వను."

వరండా పొడుగునా ఎవరూ దారి వదల్లేదు. ఎస్సై చాచిన చెయ్యి కిందికి దిగింది. ఆమె చివరి కాగితం అడుగున తన పేరు పూర్తిగా రాసి, తొమ్మిదింటినీ మడిచి, పాస్‌పోర్టుతో కలిపి సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది.