అరవై ఒక్కరి తూకం

అమ్మ! భీమనాథు నర్ధాంగి! మాణిక్య
రూప! లోకమాత! రొమ్ము పాల
కేడ్చు బిడ్డకింత కెంగేలి యన్నమ్ము
పెట్టి ప్రోవుమమ్మ పేదవారి!

ద్రాక్షారామంలో కొలువున్న ఆ తల్లికి నమస్కరించి ఈ కథ మొదలుపెడుతున్నాను. పాటుపడే చేతులారా, చదువుకునే బిడ్డలారా, వినండి. ఇది పురాణం కాదు, నా కళ్ళ ఎదుట జరిగినది. జరిగిన పాపంలో నా వాటా కూడా ఉంది. దానిని దాచి కథ చెప్పడం మరొక పాపం.

భావ నామ సంవత్సరం, ఆషాఢ బహుళం. సార్వా వరి ఊడ్పులు ముమ్మరంగా సాగుతున్న రోజులు. మా లంకగరువులో పేటవారి పిల్లల అంగన్‌వాడీ రొయ్యల చెరువుల ఆసామి అచ్చిబాబుగారి పాత ధాన్యపు కొట్టులో నడిచేది. ఊళ్ళో పురాణం చెప్పే పంతులును నేను; ఆ ఉదయం నదీస్నానం ముగించుకొని అటుగా వస్తున్నాను. ఆయన మనుషులు కొట్టులోనుంచి పొయ్యి, గంజి గుండిగ, బొమ్మల పటాలు, పిల్లలను తూచే త్రాసు ఒక్కొక్కటిగా తెచ్చి బురదలో పడవేస్తున్నారు. ఖాళీ అయిన చోటికి రొయ్యల మేత బస్తాలు మోస్తున్నారు. అరవై ఇద్దరు పిల్లలు, చంటివాళ్ళను పెద్దవాళ్ళు ఎత్తుకొని, సత్తు గిన్నెలు పట్టుకొని వానలో నిలబడి చూస్తున్నారు. ఒక్కడూ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో కొంత బలం ఉండాలని ఆనాడు నాకు తెలియదు.

అంగన్‌వాడీ టీచరు రత్నమాణిక్యం చేతులు జోడించింది. "బాబుగారండీ, మధ్యాహ్నం దాకా ఆగండి. గంజి కాసి పెట్టే వేళండి. పిల్లలు తిన్నాక మేమే తీసేత్తామండి."

"ఆగమనడానికి నేనెవర్నమ్మా? ఆర్డరు మండలం నుంచి వచ్చింది," అన్నాడు అచ్చిబాబు. "పిల్లలందరూ దుక్కల్లా ఉన్నారని నువ్వే కదా రాసిచ్చావు! దుక్కలకి గంజెందుకమ్మా?"

బస్తాలు మోసేవారు నవ్వారు. రత్నమాణిక్యం తల వంచుకొంది. ఆ తల ఎందుకు వంగిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆర్డరు నేనే చదివాను. ఈ కేంద్రంలో పోషణ లోపించిన పిల్లలు ఒక్కరైనా లేరనీ, కనుక దీనిని కాలవ అవతలి ఊరి కేంద్రంలో కలిపామనీ అందులో ఉంది. అవతలి ఊరు రెండు మైళ్ళు. తెల్లవారకముందే ఊడ్పు చేలోకి దిగవలసిన తల్లి, పిల్లను అంతదూరం దింపి ఎలా రాగలదు? ఆ సంగతి కాగితంలో లేదు.

మరునాటినుంచి పిల్లలు పొలం గట్లమీదికి చేరారు. తల్లులు నడుములు వంచి నాట్లు వేస్తుంటే, తాటాకు గొడుగు క్రింద పసివాళ్ళు బోదె కాలవ నీళ్ళు త్రాగుతూ, మట్టి నాకుతూ కూర్చునేవారు. అంతకుముందు కేంద్రంలో దొరికే గంజి కడుపు నింపేది కాదు. కానీ ప్రాణం నిలిపేది.

పద్దెనిమిదవ రోజున యెహెజ్కేలు మా అరుగు ముందు నిలబడ్డాడు. అతను అచ్చిబాబు రొయ్యల చెరువుమీద పనివాడు. చేతిలో పెద్దాసుపత్రి చీటీ ఉంది.

"పంతులుగారండీ, ఇది కాస్త చదవండి. ఎస్తేరుకి ఏమైందో ఇందులో రాశారంట. డాక్టరుగారు ఇంగ్లీషులో చెప్పేశారండి, నాకు తెలీలేదు."

"పిల్ల ఎలా ఉంది యెహెజ్కేలూ?"

"పాతిపెట్టేసి వత్తన్నానండి."

రెండున్నరేళ్ళ పిల్ల. విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులకు తట్టుకోలేకపోయింది. చీటీలో జబ్బు పేరుకు ముందు, ఎర్ర సిరాతో గీత గీసి మరొక మాట వ్రాసి ఉంది: తీవ్రమైన పోషణ లోపం. బరువు ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు.

నేను చదివి వినిపించాను. అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి టీచరమ్మ బరువుల పటంలో పదకొండు కిలోలని ఉందండి. మాయావిడకి వేలు పెట్టి చూపించింది కూడా. మిగిలిన నాలుగు కిలోలూ ఎవరు తిన్నారండి?"

ఆదివారం ప్రార్థన ముగిశాక పేట ఆడవాళ్ళంతా చర్చి ముందరి కొబ్బరాకు పందిట్లో కూడారు. దండం పెట్టుకొనే దేవుడు వేరైనా, గట్టుమీద కూర్చునే పిల్లలు అందరికీ ఉన్నారు. అందుచేత రాముడి గుడి వీధి కూలీలు కూడా వచ్చారు. నేనూ వెళ్ళి చాప చివర కూర్చున్నాను. ఆ పందిట్లో నేను కాలు పెట్టడం అదే ప్రథమం. ఎవరూ వింతగా చూడలేదు. వారికి అంతకంటె పెద్ద పని ఉంది.

రత్నమాణిక్యం మధ్యలో నిలబడి చెప్పింది. "నేను పిల్లల్ని తూచలేదు. ఆరేళ్ళుగా ఒక్కసారీ తూచలేదు. కంటితో చూసి, నెలకి పావుకిలో చొప్పున కలుపుకుంటూ పోయాను. పటంలో గీత కిందకి వత్తే సూపర్‌వైజరుగారు నాకు మెమో ఇత్తారు. పైకి వెళితే మెచ్చుకుంటారు. ఆ గీత చూసే మన సెంటరు తీసేశారు."

ఆ మాటతో పందిరి ఎగిరిపోయేటంత గోల.

"నీ చేత్తో గీసిన గీతేనే ఎస్తేరు మెడకి ఉరి!"

"గవర్నమెంటు జీతం తింటూ మా పిల్లల నోట్లో మట్టి కొట్టావే!"

ఇద్దరు ముగ్గురు ఆమె జుట్టు పట్టుకోబోయారు. గంజి వండే ఆయా సుబ్బాయమ్మ అడ్డం వచ్చింది. అరవయ్యేళ్ళ మనిషి, నోరు మాత్రం పదునైనది.

"ఆగండే! తూచుతానంటే ఎవత్తి తెచ్చింది పిల్లని? ఓలమ్మో దిష్టి తగులుద్ది, పిల్ల తరిగిపోద్దని చీపురు తిరగేసి తరమలేదూ నువ్వు? నువ్వు కాదే? నీ మనవణ్ణి కోకలో దాచేసి, ఇంట్లో లేడని చెప్పలేదూ?"

"మరి పంతులుగారే చెప్పారు కదా!" అంది ఆ మనవడి నాయనమ్మ. "పసిబిడ్డని తూచరాదని కార్తీక పురాణంనాడు అందరి ముందూ చెప్పారు."

అందరి కళ్ళూ నావైపు తిరిగాయి.

నిజమే. ఆరేళ్ళ క్రితం ఎవరో అడిగితే, శిశువును తులలో ఉంచితే ఆయుఃక్షీణమని చెప్పాను. ఏ గ్రంథంలోనూ నేనది చూడలేదు. మా అమ్మమ్మ నోట విన్న మాటను శాస్త్రమని నలుగురిలో పలికాను. నా మాటకు వారు భయపడ్డారు. వారి భయానికి టీచరు అబద్ధం వ్రాసింది. ఆ అబద్ధాన్ని అచ్చిబాబు తాళంచెవిగా వాడుకున్నాడు.

లేచి నిలబడ్డాను. "తప్పు చెప్పానమ్మా. ఏ శాస్త్రంలోనూ లేదు. జగాలను మోసే స్వామినే సత్యభామ త్రాసులో కూర్చోబెట్టింది. ఆయన ఆయుష్షు తరిగిందా?"

"ఆయనకేంటండీ, దేవుడు! దేవుడికి దిష్టి కొడుతుందేంటి?" అంది ఒక ఇల్లాలు. అంత దుఃఖంలోనూ కొందరు నవ్వారు.

ఆమెకు సమాధానం యెహెజ్కేలు చెప్పాడు. చాలా మెల్లగా చెప్పాడు.

"నేను రొయ్యల చెరువు మీద ఉంటానండి. వారం వారం వల విసిరి రొయ్యని పట్టి తూత్తాం. ఎన్ని గ్రాములు పెరిగిందో చూసి, దాన్ని బట్టి మేత వేత్తాం. ఒక్క గ్రాము తగ్గితే బాబుగారు చెరువు గట్టు మీదే కూర్చుంటారు, అన్నం కూడా తినరు. రొయ్యకి దిష్టి తగల్లేదండి. తూచారు గనకే మేత వచ్చింది. మన పిల్లల్ని ఎవడూ తూచలేదు. మనమూ తూచనివ్వలేదు."

పాలేరు వెంకన్న గొంతు సవరించుకున్నాడు. "మండలానికెళ్ళి కాళ్ళు పట్టుకుందాం. సెంటరు మళ్ళీ ఇమ్మని బతిమాలుకుందాం. గొడవ పెట్టుకుంటే ఊడ్పు పనికి పిలవరు."

"కాళ్ళు ఎన్నిసార్లు పట్టుకున్నాం మాఁవా?" ఎస్తేరు తల్లి కరుణమ్మ అప్పటివరకు మూల కూర్చుని ఉంది. "కాళ్ళు పట్టుకుంటే కాగితం చూపిత్తారు. కాగితంలో మన పిల్లలు దుక్కల్లా ఉన్నారు. ఆళ్ళ గుమ్మంలోనే తూచుదాం. ఆళ్ళ కళ్ళ ముందు ముల్లు ఎక్కడాగుతుందో చూడనీ."

ఆమె తరువాత ఎవరూ వాదించలేదు.

సోమవారం అర్జీలు పుచ్చుకునే రోజు. ఆనాడు మా ఊరి చేలలో ఒక్క నారు కట్ట కూడా విప్పలేదు. కాలవ గట్టువెంట అరవై ఒక్క మంది పిల్లలు చంకల్లో, భుజాలమీద, కావిళ్ళలో బయలుదేరారు. ఊడ్పుకు పిలిచే మేస్త్రి దారికడ్డం వచ్చి, రేపటినుంచి పనిలేదన్నాడు. "నువ్వూ రా, మొక్కలు నువ్వే పాతుకుందువుగాని!" అంది సుబ్బాయమ్మ. అతను ప్రక్కకు తప్పుకున్నాడు.

మండల కార్యాలయపు గేటుకు పైన ఇనుప కమ్మీ ఉంది. యెహెజ్కేలు దానికి అంగన్‌వాడీ త్రాసు వేలాడదీశాడు. దాని కొక్కేనికి పాత చీరతో జోలె కట్టారు. రత్నమాణిక్యం పుస్తకం పట్టుకొని నిలబడింది. జోలె గాలికి ఊగుతోంది. తల్లులు బిడ్డలను గుండెలకు హత్తుకొని చూస్తున్నారు. అంతదూరం నడిచి వచ్చినవారు ఆ చివరి అడుగు వేయలేకపోయారు. తరతరాల భయం అది. ఒక్క ఆదివారపు మాటలకు పోతుందా?

కరుణమ్మ వచ్చింది. ఆమెకు మిగిలినది పదినెలల సమూయేలు ఒక్కడే.

"పెద్దది తూకం లేకుండానే పోయింది. దిష్టి తగిలేదుంటే నాకే తగలనీ," అని చంటివాడిని జోలెలో పడుకోబెట్టింది.

ముల్లు కదిలి ఆగింది. "పది నెలలు. అయిదు కిలోల రెండు వందలు," అని చదివింది రత్నమాణిక్యం. వెనుకనున్నవారికి ఆ మాట చేరలేదు.

"గట్టిగా చెప్పండి టీచరమ్మా! లోపలికి వినపడాలి!"

"అయిదు కిలోల రెండు వందలు!" అని గుంపంతా అరిచింది.

అప్పుడు వరుస కట్టారు. మూడేళ్ళ పిల్లకు ఎనిమిది కిలోలు. నాలుగేళ్ళవాడికి తొమ్మిదిన్నర. ప్రతి అంకెనూ వందమంది గొంతెత్తి పలికారు. నా జీవితంలో ఎన్నో స్తోత్రాలు విన్నాను. అంత భయంకరమైన సహస్రనామం ఎన్నడూ వినలేదు.

అంగన్‌వాడీల ప్రాజెక్టు అధికారిణి మెట్లు దిగి వచ్చింది. "ఇది ఆఫీసా, సంతా? మీ చార్టుల్లో పిల్లలు నార్మల్‌గా ఉన్నారు కదా?"

"అది అబద్ధమండీ," అంది రత్నమాణిక్యం. "ఆరేళ్ళుగా రాసింది నేనే. నన్ను తీసేయండి, జైల్లో పెట్టించండి. ముందు ఈ ముల్లు చూడండి మేడమ్."

"ఆరేళ్ళు తప్పుడు రికార్డు రాశానని పబ్లిగ్గా ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నానండి. ఆరేళ్ళలో ఒక్కసారైనా వచ్చి తూచి చూడలేదని మీరూ ఒప్పుకోండి."

అధికారిణి ముఖం ఎర్రబడింది. లోపలికి వెళ్ళి ఫోను తీసింది. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. దాని వెనుకనే అచ్చిబాబు మోటారు సైకిలు. ఎస్సై త్రాసు విప్పించాడు.

"ఇది గవర్నమెంటు ప్రాపర్టీ. ఎవడు తెచ్చాడు?"

"బురదలోంచి ఏరి నేనే తెచ్చానండి," అన్నాడు యెహెజ్కేలు.

అతన్నీ, రత్నమాణిక్యాన్నీ జీపు ఎక్కించారు. ఆడవాళ్ళు చక్రాలకు అడ్డంగా పడుకున్నారు. లాఠీలు లేచాయి. సుబ్బాయమ్మ భుజంమీద ఒకటి, నా మోకాలిమీద ఒకటి పడ్డాయి. పిల్లలు అప్పుడు ఏడ్చారు. అచ్చిబాబు మోటారు సైకిలు మీదనుంచి దిగకుండానే, "అయిపోయిందా తిరునాళ్ళు? పదండి, పదండి, చేలో నారు ఎండిపోతోంది!" అన్నాడు.

అప్పటికి ముప్ఫై ఏడుగురిని తూచారు. ఇరవై నలుగురు మిగిలారు. త్రాసు జీపులో పోయింది.

తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరు బిడ్డలను ఎత్తుకొని వెనుదిరిగారు కూడా. ఆ నిమిషంలో అంతా ముగిసిందనే నేను కూడా అనుకున్నాను.

సుబ్బాయమ్మ భుజం పట్టుకొని లేచి, ఎదుటి అరటి మార్కెట్టులోకి నడిచింది. అక్కడ గెలలు మోసే కూలీలు గోడమీదనుంచి అంతా చూస్తూనే ఉన్నారు. ఆమె వారితో ఏమి చెప్పిందో నాకు వినబడలేదు. గెలలు తూచే పెద్ద కాటాను నలుగురు భుజాలమీద మోసుకుంటూ వచ్చారు. వారి వెనుక మరొక పదిమంది. వారి భార్యలు. చంకల్లో వారి పిల్లలు.

"కాటా సేటుగారిది, ఆయన వత్తే తంతారని కావలివాడన్నాడండి," అన్నాడు ముందు నడిచినవాడు, గేటు కమ్మీకి గొలుసు బిగిస్తూ. "తన్నితే తన్నారు. మా బుడ్డోణ్ణి కూడా తూచండి. వీడూ ఎదగట్లేదు."

పుస్తకం నేలమీద, లాఠీ దెబ్బకు చిరిగి పడివుంది. వంగి తీశాను. తడిసిన కాగితం తుడిచి, ముప్ఫై ఎనిమిది అని వేశాను. తిరిగి కట్టిన జోలెలో వెంకన్న మూడేళ్ళ మనవరాలు కూర్చుంది. బెదిరి వెంకన్న వేలు పట్టుకొంది.

"ఎంతండీ?" అని అడిగాడు వెంకన్న.

"ఏడున్నర."

కాళ్ళు పట్టుకుందామన్న మనిషి గేటువైపు తిరిగాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఏడున్నర!" అని అరిచాడు.

గుంపంతా ఆ మాట అందుకుంది. గేటు దగ్గర మిగిలిన పోలీసులు మళ్ళీ లాఠీలు సవరించుకున్నారు. ముప్ఫై తొమ్మిదవ తల్లి అప్పటికే జోలె దగ్గరకు వచ్చి నిలబడింది.

ఈ కథ విన్న ప్రతి ఇంటా పసిబిడ్డ కడుపు నిండు గాక! బిడ్డలకు అక్షరమూ అన్నమూ పెట్టే చేతులకు సంకెళ్ళు పడకుండు గాక! భయపెట్టిన నావంటి పెద్దలకు బుద్ధి, భయపడిన తల్లులకు బలం కలుగు గాక! విన్నవారు, వినిపించినవారు, ఆ వరుసలో నిలబడబోయేవారు, అందరూ చల్లగా, ధీరంగా వర్ధిల్లుదురు గాక!