రెండో మనిషి

“ఫుకట్‌ల చాకిరి చేసుడుకు ఇమానం ఎందుకు పిల్లా? మనింట్ల లేదా చాకిరి?”

అత్త అంజవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఈ మాట అన్నప్పుడు శృతి వాకిట్లో తీగ మీద మరిది తుకారాం పక్కబట్టలు ఆరేస్తోంది. అత్త ఎత్తిపొడవలేదు, నిజంగానే అర్థంకాక అడిగింది. బోధన్‌లో ఆ వీధికి విదేశాలు కొత్త కాదు. ఇంటికొకరు దుబాయో మస్కటో చూసొచ్చినవాళ్ళే. అయితే వాళ్ళందరూ సంపాదించుకోవడానికి వెళ్ళారు. పైసా రాని పనికి సముద్రం దాటే మనిషిని, అందులోనూ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే కూతురున్న ఆడమనిషిని, వాళ్ళు చూడటం ఇదే మొదలు. పక్కింటి విమలమ్మ అయితే ఎవడో ఏజెంటు మోసం చేసి ఉంటాడని తేల్చేసి, ముందుగానే జాలిపడిపోయింది.

 శృతి రోజూ బస్సెక్కి నిజామాబాద్ వెళ్ళి, బిందుమాధవి మేడం నడిపే దివ్యాంగుల బడిలో పనిచేస్తుంది. ఆయమ్మ అంటే తక్కువా, టీచరంటే ఎక్కువా అయ్యే ఉద్యోగం. ఆ బడికి శ్రీలంకలో, కాండీ అవతలి కొండల్లో ఉన్న ఒక ఆశ్రయ కేంద్రంతో స్నేహం ఉంది. తమ పని తాము చేసుకోలేని పిల్లలూ పెద్దలూ అక్కడుంటారు. ఏటా ఇక్కడినుంచి ఒకరు వెళ్ళి రెండు నెలలు వలంటీరుగా ఉండి పని నేర్చుకుని వస్తారు. ఈసారి మేడం శృతిని పొమ్మంది. ఇంట్లో చేసేదీ అదే పని, బడిలో చేసేదీ అదే పని, మళ్ళీ అదే పనికి అంత దూరం ఎందుకు పోవాలనిపిస్తోందో ఆమెకే తెలియదు. కొన్నాళ్ళుగా ఎక్కడా కాలు నిలవడం లేదు. బస్సులో కూర్చుంటే ఎప్పుడు దిగుదామా అనిపిస్తుంది, దిగాక ఇంటికి పోబుద్ధి కాదు. వంటింట్లో నిలబడి ఉన్నట్టుండి చేతిలో గరిటె ఎందుకుందో మరిచిపోతుంది.

 తుకారాంకు పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలి నడక రాలేదు, మాట సగమే వచ్చింది. ముప్పై దాటిన మనిషి, ఒళ్ళు బరువు. మామ చంద్రయ్య షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసిన గట్టి మనిషి. ఉన్నన్నాళ్ళు కొడుకును ఆయనే ఎత్తాడు. ఆయన పోయాక ఆ పని శృతి మీద పడింది. ఎవరూ అప్పజెప్పలేదు. ఒక పొద్దున తుకారాం తడిసిన పక్కలో ఏడుస్తుంటే దగ్గరున్నది తను, ఎత్తింది. అంతే, ఆ రోజు నుంచి అది ఆమె పని అయిపోయింది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి, మళ్ళీ మంచం మీదికి. ఆ సమయానికి భర్త అనిల్‌కుమార్ ముందు గదిలోనే ఉంటాడు. ఒకసారి జర పట్టమని అడిగితే, “నీకు అలవాటే గదా. నా నడుం పడితే దుకాణం ఎవలు సూస్తరు?” అన్నాడు. ఆయనది విత్తనాలు, ఎరువుల దుకాణం. అక్కడ బస్తాలు మోయడానికి హమాలీ ఉంటాడు.

నడుం నొప్పి తట్టుకోలేక నిజామాబాద్‌లో చూపించుకుంటే డాక్టరు ఎక్స్‌రే చూసి, “బరువులెత్తడం మానకపోతే ఇంక కొన్నాళ్ళకు నువ్వే మంచం పడతావమ్మా” అన్నాడు. ఆమె నోరు తెరిచే లోపలే అనిల్ నవ్వి, “మా ఇంట్ల బరువు పనులేముంటయ్ సార్” అన్నాడు. ఆయన మొహంలో అబద్ధమాడుతున్న జాడ కూడా లేదు. నిజంగానే ఆయనకు గుర్తులేదు. శృతికి నొప్పి కన్నా అదే ఎక్కువ బాధించింది. ఇంటికొచ్చి ఆ సాయంత్రం కూడా తుకారాంను ఆమే ఎత్తింది.

శ్రీలంక మాట ఎత్తగానే అనిల్ “వంట ఎవలు చేస్తరు” అన్నాడు. రెండ్రోజులకు మనసు మార్చుకున్నాడు. కులసంఘం అధ్యక్షుడు దుకాణానికొచ్చి, తిరిగొచ్చాక శాలువా కప్పి సన్మానం చేద్దామన్నాడట. ఆ రాత్రే ఆమె పాస్‌పోర్టు ఫొటో చుట్టూ పూలు పెట్టి, ‘మా శ్రీమతి విదేశీ సేవ’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. కింద అందరూ ‘గ్రేట్ అన్నా’ అని రాశారు. అన్న ఎందుకు గ్రేట్ అయ్యాడో శృతికి బోధపడలేదు గానీ, ప్రయాణం మాత్రం ఖాయమైంది. తుకారాంను చూసుకోవడానికి పక్కనున్న సాలూర నుంచి హన్మవ్వను జీతానికి మాట్లాడారు. వెళ్ళే రోజు తుకారాం శృతి కొంగు పట్టుకుని వదల్లేదు. “ఒదినె” అన్నది అతనికి స్పష్టంగా వచ్చే నాలుగు మాటల్లో ఒకటి.

కేంద్రం కొండవాలులో ఉంది. చుట్టూ తేయాకు, ఎప్పుడూ ఏదో ఒక చోట వాన. వలంటీర్లకు పని చెప్పే సోమా అక్కకు వచ్చిన ఇంగ్లీషూ, శృతికి వచ్చిన ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి సరిపోదు. అయినా చేతులతో, మొహాలతో నెట్టుకొచ్చారు. అక్క అన్న మాట మాత్రం అక్కడా అక్కే.

మొదటి పొద్దునే శృతి తప్పు చేసింది. మల్లిక అని నడివయసు మనిషి, తుకారాం లాగే నడవలేనిది, పక్క తడుపుకుని ఉంది. వార్డులో శృతి ఒక్కతే ఉంది. తడిసిన మనిషిని అలా వదిలేసి, సాయం కోసం దిక్కులు చూసే కోడలిని మన దగ్గర ఏమంటారో ఆమెకు తెలుసు. ఒంగి, చంకల కింద చేతులు దూర్చి, పళ్ళు బిగించి ఒక్క ఊపులో మల్లికను కుర్చీలో కూర్చోబెట్టింది. తలెత్తేసరికి గుమ్మంలో సోమా అక్క. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, తన పనితనం చూసి ఒక మంచి మాట అంటుందని శృతి లోలోపల ఆశపడింది కూడా.

సోమా అక్క మెచ్చుకోలేదు, తిట్టలేదు. “ఇక్కడ పెద్దవాళ్ళను ఒక్కరే ఎత్తకూడదు. ముందు ఆ మనిషిని అడగాలి. తర్వాత రెండో మనిషి వచ్చేదాకా ఆగాలి” అంది.

“నేను ఎత్తగలను అక్కా. ఇంట్లో రోజూ ఎత్తుతాను.”

“ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నే.”

“ఇంట్లో ఇంకెవరూ లేరా?”

 శృతి తడిసిన దుప్పటి మడతపెట్టుకుంటూ నిలబడింది. ఇంత చిన్న ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదని తర్వాత తోచింది.

ఎత్తడం కన్నా ఆగడం ఆమెకు కష్టమైంది. మల్లిక పక్కన నిలబడి, “లేపనా అమ్మా” అని తెలుగులోనే అడిగి, ఆమె తలాడించాక, రెండో మనిషి వచ్చేదాకా ఊరికే ఉండాలి. ఆ కాసేపట్లో శృతి చేతులు ఊరుకోవు. దుప్పటి సర్దుతుంది, దిండు దులుపుతుంది, కిటికీ తీసి మూస్తుంది. ఎవరో వెనకనుంచి చూస్తున్నట్టు, ఇంకా ఎత్తలేదేమని అడగబోతున్నట్టు వీపు మీద చీమలు పాకుతాయి. సెలవు రోజు మరీ నరకం. అక్కడ వారానికొక రోజు వలంటీర్లు ఎవరి పనీ ముట్టుకోకూడదు. మొదటి వారం ఏం చేయాలో తోచక శృతి పక్క గదివాళ్ళ బట్టలు కూడా నానబెట్టింది. సోమా అక్క వచ్చి మాట్లాడకుండా బకెట్ లాక్కుపోయింది. శృతి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో తెలియక ఇంకాస్త ఏడ్చింది.

మెల్లగా అలవాటైంది. ఒకనాడు ఇద్దరూ చెరో వైపు పట్టి మల్లికను లేపుతుంటే శృతి ఆమె చేతిని గమనించింది. మొదటి రోజు తను ఒక్కతే ఎత్తినప్పుడు ఆ చెయ్యి తన జాకెట్టును పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఇప్పుడు వదులుగా, వేళ్ళు విచ్చుకుని ఉంది. తుకారాం కూడా అలాగే జాకెట్టు పట్టుకుంటాడు. ప్రేమతో అనుకునేది. పడిపోతానని భయంతో పట్టుకుంటాడన్నమాట. ఇన్నేళ్ళుగా రోజూ, ఎత్తిన ప్రతిసారీ అతను భయపడుతూనే ఉన్నాడు. 

ఆ ఆదివారమే అనిల్ వీడియో కాల్ చేశాడు. ఎప్పటిలా కాకుండా ఫోను తుకారాం గదిలో గూట్లో నిలబెట్టి ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ, “ఆగు, ఒక్క నిమిషం” అని లేచి మంచం దగ్గరికి పోయాడు. హన్మవ్వ తల వైపు, ఆయన కాళ్ళ వైపు. ఇద్దరూ ఒక్కసారిగా ఎత్తి తుకారాంను కుర్చీలోకి మార్చారు. ఆయన చేతులు దులుపుకుంటూ వచ్చి మళ్ళీ ఫోను ముందు కూర్చున్నాడు. ఆయాసం కూడా లేదు.

“మీరు ఎత్తుతున్నరా?” అంది శృతి.

“ఏం జేయాలె. గామె మొదటి రోజే చెప్పింది, ఒక్కదాన్ని ఎత్త, ఇంకోళ్ళు పట్టాలె అన్నది. పరాయి మనిషి, జబర్దస్తీ చేస్తమా?” అన్నాడు అనిల్, మామూలుగా. తర్వాత కరెంటు బిల్లు గురించి, సంఘంవాళ్ళు తెస్తామన్న శాలువా రంగు గురించి చెప్పాడు. శృతి ఊఁ కొడుతూనే ఉంది, ఒక్క మాటా చెవికెక్కలేదు.

ఆ రోజంతా ఆమె తోటలో అటూ ఇటూ తిరిగింది. కోపం ముందు అనిల్ మీద వచ్చింది. అక్కడితో ఆగలేదు. హన్మవ్వ ఒక్క మాటలో చెప్పేసింది. చెబితే ఆకాశం విరిగిపడలేదు, దుకాణం మూతపడలేదు, ఆయన నడుమూ విరగలేదు. ఆయనకు ఎత్తడం చేతనవును. రోజూ చేస్తున్నాడు. జీతమిచ్చి తెచ్చుకున్న మనిషికి ఒక నడుం ఉందని ఆయనకు తెలుసు. పసుపుతాడు కట్టి తెచ్చుకున్న మనిషికే లేదు. ‘నా మనిషి’ అని ఆయన అనే మాట ఇన్నాళ్ళూ ఎంత ముచ్చటగా విన్నది తను. ఇంటి మనిషైతే జబర్దస్తీ చేయొచ్చన్నమాట. ఎవరికీ కోపం రాకుండా, గొంతు పెంచకుండా, అలవాటే గదా అని.

వారం తిరక్కుండానే మళ్ళీ ఫోన్. “ఇగ చాలు గని, టికెట్ ముందుకు జరుపుకుని వచ్చెయ్. అమ్మ పరేషాన్ అయితుంది. సేవ జేసుడైతే ఇంట్ల గూడ జేయొచ్చు గదా” అన్నాడు అనిల్. “నేర్చుకునుడు ఇంక అయిపోలె” అంది శృతి. అబద్ధం కాదది. ఆగడం ఆమెకు ఇంకా పూర్తిగా రాలేదు. రెండు నెలలూ నిండేదాకా అక్కడే ఉంది. వచ్చేముందు సోమా అక్క ఆమె నడుం మీద చెయ్యివేసి, “దీన్ని అడిగి ఎత్తు” అని నవ్వింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. “ఆదివారం ఫంక్షన్ పెట్టిండ్రు. నువ్వు రెండు ముక్కలు మాట్లాడాలె” అని అనిల్ స్టేషన్ నుంచీ చెబుతూనే ఉన్నాడు. హన్మవ్వ కనిపించకపోతే అడిగింది.

“నిన్ననే పంపిచ్చిన. నువ్వు వస్తున్నవ్ గదా.”

తుకారాం ఆమెను చూసి ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. పక్క తడిగా ఉంది, వాసన వస్తోంది. అంజవ్వ గుమ్మంలోంచే, “పొద్దటి సంది గట్లనే ఉన్నడు బిడ్డా, నువ్వొచ్చి స్నానం జేపిస్తవని సూస్తున్నం” అంది. ఆ మాటలో దాపరికమేమీ లేదు.

శృతి సంచి పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. అతన్ని ఒక పక్కకు మెల్లగా దొర్లించి తడిబట్ట తీసి, తుడిచి, పొడిబట్ట పరిచింది. అది ఒక్కరే చేయొచ్చు, అక్కడ నేర్చుకున్నదే. అప్పుడు అతని మొహంలోకి ఒంగి, “తుకారాం, లేపాల్నా? స్నానానికి పోదామా?” అని అడిగింది. ఎన్నడూ ఎవరూ అడగని మాట అది. అతను తలూపాడు.

ఆమె తల వైపు నిలబడి అతని భుజాల కింద చేతులు పెట్టింది. అలాగే ఉండిపోయింది. అలవాటు కొద్దీ నడుం తనంతట తనే బిగుసుకుంది, పళ్ళు కలుసుకున్నాయి. వీపు మీద ఆ పాత చీమలు మళ్ళీ పాకాయి. ఊపిరి వదిలి, ఒళ్ళు సడలించుకుంది.

“ఏమైందే, ఎత్తు” అంది అంజవ్వ.

“ఇంకోళ్ళు పట్టాలె అత్తమ్మా.” ముందు గది వైపు తిరిగి, “జర వచ్చి కాళ్ళ దిక్కు పట్టుండ్రి” అంది.

అనిల్ ఫోనులోంచి తలెత్తాడు. “ఇన్నేండ్లు ఒక్కదానివే ఎత్తినవ్ గదా. ఇయ్యాల కొత్తగేమైంది?”

“హన్మవ్వకు పట్టిండ్రు గదా.”

“గామె అంటే పరాయి మనిషి.”

“నేను గూడ పరాయిదాన్నే అనుకోండ్రి” అంది శృతి, గొంతు పెంచకుండా. తుకారాం పిడికిలిని తన జాకెట్టు మీంచి మెల్లగా విడదీసి, ఆ వేళ్ళు నిమురుతూ, రెండో మనిషి కోసం ఆగింది.