అడగని అప్పీలు

ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడ అనేవారు. బేస్‌బాల్ వీడియో గేమ్‌లో తప్పులు ఏరడం ఆమె పని. ఆ పేరు ముద్దుకు పెట్టింది కాదు, ఆమె ఏరిన ప్రతి తప్పూ సరిదిద్దాల్సి వస్తోందన్న కడుపుమంటతో పెట్టింది. టెస్టర్లలో ఒక్కరినే పర్మినెంట్ చేస్తారట. అందుకని ఆమె ఆ వెక్కిరింతలన్నీ దులిపేసుకుని పని చేసుకుపోయేది.

ఒక తప్పుతో మాత్రం నెలల తరబడి కుస్తీ పట్టింది. పరుగెత్తేవాడు దారిలో కాలు మోపి తీరాల్సిన మెత్తను, అంటే బేస్‌ను, తొక్కకుండా దాటిపోతే గేమ్‌లోని అంపైర్ టక్కున అవుట్ ఇచ్చేస్తున్నాడు. అసలు ఆటలో అలా కుదరదు. అంపైర్ కళ్ళారా చూసినా నోరు మెదపకూడదు. అవతలి జట్టు అప్పీలు చేయాలి, అదీ తర్వాతి బంతి వేసేలోపు. బంతి వేశారా, ఇక ఆ బేస్ తొక్కినట్టే లెక్క.

"అంత చాదస్తం ఎవరిక్కావాలి?" అంటూ టీమ్ లీడ్ ఆమె రిపోర్టును వచ్చినప్పుడల్లా తిప్పికొట్టాడు. ఆమె వదల్లేదు. కంపెనీకి సలహాదారుగా వచ్చిన రిటైర్డ్ అంపైర్‌ను అందరూ బాబాయ్ అనేవారు. ఆయన పక్కన కూర్చుని పాత మ్యాచ్‌లు తిరగేసి, తన మాటే నిజమని తేల్చింది.

"భలే పట్టావమ్మా. నా కంటికే ఆనలేదు," అన్నాడు బాబాయ్.

చివరికి ఆ నియమం గేమ్‌లోకి ఎక్కింది. డైరెక్టర్ ముందు మీటింగ్‌లో లీడ్ దాన్ని తెర మీద ఆడించి చూపించాడు.

"ఇది నేను పట్టుకున్నాను సార్. మావాళ్ళెవరికీ తట్టలేదు," అన్నాడు. ఆ మొహంలో సిగ్గు మచ్చుకైనా లేదు.

"బాగుంది. మరి టెస్టర్లలో ఎవర్ని ఉంచుదాం?"

"చెప్పినట్టు వినేవాడు ఒకడున్నాడు సార్. ఈమెతో కాస్త కష్టం."

జల్లెడ టేబుల్‌కు అవతల కూర్చున్న బాబాయ్ వైపు చూసింది. ఆయనా ఆమెనే చూస్తున్నాడు. చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకుంది. ఆయన చూపు దించుకుని టీ కప్పు అందుకున్నాడు.

"సరే, తర్వాతి విషయం," అన్నాడు డైరెక్టర్.

మీటింగ్ అయ్యాక బయట వరండాలో బాబాయ్‌కు అడ్డంగా నిలబడింది.

"మీకు తెలుసు కదా బాబాయ్."

"తెలుసమ్మా. నన్నడిగితే చెప్పేవాణ్ణే. ఎవరూ అడగలేదు. నువ్వైనా అడగలేదు."

ఆయన గొంతులో తడబాటు లేదు. ఆమెకు లీడ్ మీదకంటే ఈ పెద్దమనిషి మీదే ఎక్కువ అసహ్యం వేసింది. అంతకంటే ఎక్కువగా, మూగదానిలా కూర్చున్న తన మీద వేసింది.

ఆ ఆఫీసులో తన ఆఖరి రోజు ఆమె గేమ్‌ను మరోసారి పరీక్షించింది. రన్నర్ మధ్యలో బేస్ తొక్కకుండా దర్జాగా దాటిపోయి, చుట్టు పూర్తి చేశాడు. తెర మీది అంపైర్ అంతా చూస్తూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పీలు బటన్ మీద ఆమె వేలు ఆగింది, నొక్కలేదు. తర్వాతి బంతి పడింది. దాటిపోయినవాడి జట్టుకు పరుగు ఖాయమైంది.

రిపోర్టులో 'తప్పేమీ లేదు' అని రాసి, కంప్యూటర్ ఆపేసింది.